కాంటా గది

కమిటీల నా పేరు అందరికన్నా కింద రాసిండ్రు.
"రికార్డు నిమిత్తం: ఎం. సువార్తమ్మ, జూనియర్ అసిస్టెంట్."
అంటే నాకు మాట లేదు,
పెన్ను ఉన్నది.

రాయచూరు రోడ్డు మీద, యూనివర్సిటీ గేటుకు కూతవేటు దూరంల
పదకొండేండ్ల కింద మూతపడ్డ పల్లినూనె మిల్లు.
రెండెకరాల పద్నాలుగు గుంటలు.
హాస్టలు కోసం కొనాల్నా, వద్దా?
కొంటే కొత్తగ కట్టాల్నా,
ఉన్న షెడ్లకే అడ్డగోడలు పెట్టాల్నా?

రిజిస్ట్రారు సారు జీపు దిగంగనే ముక్కుకు రుమాలు పెట్టుకున్నడు.
మిల్లు మూతపడ్డది గని వాసన మూతపడలే.
గోడ గీకితే ఇప్పటికీ గోరుకు చమురు.
నాకు మాత్రం ఆకలైంది.
మా అమ్మ ఇసొంటి గోదాముల్లనే కాయ ఒలిచింది,
కుంచానికి ఇన్ని పైసలని.
పొద్దుమీకి కొంగు దులిపితే
నా అరచేతిల నాలుగు గింజలు.
అది రికార్డుల రాయలే.

ఇంజనీరు గోడను సుత్తెతోని కొట్టి చెవి పెట్టి విన్నడు,
డాక్టరు లెక్క.
ఓనరు అల్లుడు ఖలీలు
రేపే పెట్రోలు బంకోల్లు వస్తున్నరని చెప్పిండు.
"బోరున్నదా?"
"ఉన్నది సార్."
"నీళ్లు?"
అల్లుడు మొగులు దిక్కు చూసిండు.

అప్పుడు కనవడ్డది,
గేటు పక్కన కాంటా గది,
తుప్పు వట్టిన తలుపుకు కొత్త గొళ్ళెం,
తీగ మీద ఆరేసిన మూడు బనీన్లు.

తలుపు కొడితే లోపలినుంచి తీసిండ్రు.
ఇద్దరు నిలవడి ఉన్నరు, అన్నం తింటున్న చేతులతోని.
"ఎవలు మీరు?"
"మీ పిల్లలమే సార్. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ."
కుర్మూర్తి అట, ఇస్రాయేలు అట.
వెయిటింగు లిస్టుల నూట నలభై మూడు, నూట నలభై నాలుగు.
వాచ్‌మెన్‌కు నెలకు మనిషికి ఎనిమిది వందలు.

మూడోవాడు అంబత్రయ్య లేవలే.
జడ్చర్ల కంపెనీల నైటు డ్యూటీ చేసి వచ్చిండంట.
పాత కాంటా బల్ల మీద తలుపుచెక్క పరిచి
దాని మీద పండుకున్నడు,
కింద తేళ్లు వస్తయని.

ఫైనాన్సు ఆఫీసరు వనపర్తి గంజిల పుట్టి పెరిగినోడు.
కాంటా కనవడితే చెయ్యి ఊకుంటదా?
ఇత్తడి దండె మీది బిళ్ళను మెల్లగ జరిపిండు,
ఇటు, మల్ల అటు.
దండె లేచింది, వణికింది, నిలిచింది.
చెక్కకు తరుగు తీసేస్తే నలభై తొమ్మిది కిలోలు.
పిలగాడు అటు ఒత్తిగిలిండు.
దండె మల్ల వణికింది.
సారు బిళ్ళను సున్నకు తెచ్చి
చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నడు.

బయటికొచ్చినంక అల్లుడు చిన్న గొంతుతోని అన్నడు:
"రేపే ఖాళీ చేయిస్త సార్. ఖాళీ జాగకే గదా రేటు."
సార్లు తలకాయ ఊపిండ్రు.
పిలగాండ్ల కోసం కొనే జాగలకెళ్లి
ముందుగాల పిలగాండ్లను ఎల్లగొట్టాలె.
ఎవ్వరూ నవ్వలే.
నాకైతే నవ్వొచ్చింది, దగ్గుల కలిపేసిన.

జీపు బానెట్టు మీద ఫారం పెట్టి నింపుతున్న.
హద్దులు. విస్తీర్ణం. సర్వే నంబరు.
ఏడో గడి: ప్రస్తుత వినియోగం.
"ఖాళీ అని రాయమ్మా" అన్నడు ఇంజనీరు సారు
ఎండకు కండ్లు చిట్లించుకుంట.

మా అమ్మకు సంతకం రాకపోయేది.
చెయ్యి నూనెతోని జారుతదని
వేలిముద్ర వేసే ముందు మట్టిల రుద్దుకునేది.

ఏడో గడిల నేను రాసిన:
విద్యార్థుల వసతి.

ఫైలు పైకి పోయి రెండు నెలలు.
ఒకసారి ప్రశ్నతోని కిందికొచ్చింది,
గుంట రేటు గురించి.
ఏడో గడి గురించి ఎవ్వరూ అడగలే.
చదివిండ్రో లేదో తెల్వది.
పేజీ మూలకు మాత్రం
నా బొటనవేలంత చమురు మరక,
కాగితం అవతలికి కనవడేటట్టు.