కప్పు అడుగున

స్టోక్‌లో పాతకాలం వాళ్లకి ఒక అలవాటు.
ఎవరింట్లో టీ ఇచ్చినా, తాగాక
కప్పు బోర్లించి అడుగున ముద్ర చూస్తారు,
ఏ బట్టీలో కాలిందో అని.
ఆవిడా చూసింది. నా బల్ల మీది నా కప్పు.
మిగిలిన చుక్కలు ఫారం మీద పడ్డాయి.
"మన ఊరిది కాదు," అని
ఉన్నచోటే పెట్టేసింది.

గేనర్ టామ్స్. యాభై ఏడు.
ముప్పై ఎనిమిదేళ్లు పళ్లేల అంచుకి బంగారు గీత గీసింది.
పళ్లెం తిరుగుతుంది, కుంచె కదలదు.
ఊపిరి బిగబట్టాలి. గీత మొదలైన చోటికే
వచ్చి కలవాలి.
అతుకు కనిపించిందా, ఆ పళ్లెం చవక సరుకులోకి.
ఇదంతా నేను అడగలేదు, ఆవిడే చెప్పింది.
నా ఫారంలో నైపుణ్యాలకి నలభై అక్షరాలే పడతాయి.
పెయింటింగ్ అని కొట్టాను.
కంప్యూటర్ గోడలకి సున్నమేసే పని చూపించింది.

తర్వాత గోదాము. హైవే పక్కన, రాత్రి షిఫ్టు.
గంటకెన్ని డబ్బాలో మణికట్టుకి కట్టిన మిషను చెబుతుంది.
వెళ్లడానికి బస్సుంది. రావడానికి లేదు.
"ఏ పనైనా ఒప్పుకోవాలండీ," అన్నాను,
"లేదంటే భృతి ఆగిపోతుంది, పదమూడు వారాలు."
ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.
చేరిన కొత్తలో బస్సులో కూర్చుని
పెదవులు కదపకుండా వల్లించేవాణ్ణి.

"మా అమ్మ ఆసుపత్రిలో దొడ్లు కడిగింది.
ఆ డబ్బుతోనే నా బూట్లు.
పనిలో చిన్నతనం లేదు నాయనా.
కానీ నువ్వు 'ఏదైనా' అన్నప్పుడు
పని గురించి మాట్లాడటం లేదు,
నా గురించి మాట్లాడుతున్నావు."

గోడ గడియారం చూశాను. మనిషికి పది నిమిషాలు.

అబద్ధమెందుకు, ఆవిడకి ముందొచ్చిన కుర్రాడు,
జెర్మేన్, పందొమ్మిదేళ్లు,
అదే గోదాముకి ఎగిరి గంతేశాడు.
మొన్న తెల్లారగట్ట చిప్స్ తింటూ ఎదురయ్యాడు,
కొత్త కోటు, వేలికి తగిలించుకున్న తాళంచెవి.
"అక్క సోఫా మీంచి లేచానన్నా" అన్నాడు.
ఆ తాళంచెవిని చూశాక
ఏ పనైనా అనడం తప్పని నేను అనలేను.
ఒప్పనీ అనలేను.

నేను చదివింది రాళ్ల శాస్త్రం.
ఈ ఊరి కింద ఎర్రమట్టి పొరలు పొరలుగా
ఎలా పేరుకుందో అడిగితే గంటసేపు చెబుతాను.
ఎవరూ అడగలేదు. అప్పు మిగిలింది.
ఈ కుర్చీ ఖాళీగా ఉందన్నారు.
ఏ పనైనా, అనుకుని కూర్చున్నాను.
కోటి విద్యలు కూటి కొరకే. సరే.
కూడు దొరికాక మిగతా విద్యలన్నీ
ఎక్కడికి పోతాయో
ఆ సామెత చెప్పదు.

ఆవిడ సంతకం పెట్టింది.
పేరు కింద, అలవాటుగా, ఒక గీత,
గడి ఈ అంచు నుంచి ఆ అంచుకి.
గీసినంతసేపూ ఊపిరి పీల్చలేదు,
నేను గమనించాను.
వణుకు లేదు. టీ చుక్క ఆరని చోట మాత్రం
సిరా కొద్దిగా పాకింది.

స్కానర్ ఆ గీతని మరక అనుకుని
చెరిపేసింది.

సోమవారం మొదటి షిఫ్టు.
తిరిగొచ్చే బస్సు సంగతి
కనుక్కుంటానన్నాను. ఇంకా
కనుక్కోలేదు.