ఎర్ర అట్ట పుస్తకం

కిసుములో తెల్లారకముందే సరస్సు వాసన లేస్తుంది.
ఆరున్నరకి ప్రయోగశాల తాళం తీస్తాను.
ముందు చెవి, తర్వాతే కన్ను.
మైనస్ ఎనభై ఫ్రీజర్ మూలుగు నిన్నటిలాగే ఉందా,
గొంతులో కొత్త జీర ఏదన్నా చేరిందా అని.
పాడయ్యే ముందు ప్రతి యంత్రమూ చెబుతుంది,
ఉత్తరం మాత్రం రాయదు.

తలుపు రబ్బరు అంచున మంచు పేరుకుంటే
పాత టూత్‌బ్రష్‌తో గీకుతాను.
ఈ బ్రష్‌కి ఏ బడ్జెట్‌లోనూ పేరు లేదు.

వానల ముందు నీళ్ళ మీద పొగ లేస్తుంది.
దగ్గరికొస్తే అది రెక్కల పురుగులు, కోట్లకి కోట్లు.
జెనరేటర్ ముక్కులో, ఏసీ జాలీలో,
ఒకసారి తూనిక యంత్రం పళ్ళెంలో.
అందుకే ఒక పురుగు బరువెంతో నాకు తెలుసు:
ఎనిమిది పదివేల వంతుల గ్రాము.
ఒక మందు మోతాదు అబద్ధమాడటానికి
అంత బరువు చాలు.

మొన్న ఒబురా పరుగెత్తుకొచ్చాడు,
చేతిలో గ్రాఫు, ఇంకా ప్రింటర్ వేడి ఆరలేదు.
"అమ్మా అపొండీ, సగం మోతాదుకే
మలేరియా క్రిమి చచ్చిపోయింది!"
గీత అందంగా ఉంది, నున్నగా, కొండ దిగే నీళ్ళలా.
అంత అందం చూస్తే నాకు అరచేతులు చెమర్చుతాయి.
"నీళ్ళు ఏ పిపెట్‌తో పోశావు?" అన్నాను.
"నీలం ఉంగరందే."

తూకం మీద చిన్న గిన్నె పెట్టి
ఆ పిపెట్‌తోనే నీళ్ళు వదిలాం, పదిసార్లు.
వంద పడాల్సిన చోట ఎనభై ఎనిమిది.
మళ్ళీ ఎనభై ఎనిమిది.
ఒకసారి ఎనభై ఏడు. ఊపిరి బిగబట్టి మళ్ళీ. ఎనభై ఎనిమిది.
మందుని పల్చన చేసే నీళ్ళు మెట్టు మెట్టుకీ తగ్గితే
పదకొండో గుంట చేరేసరికి
మందు రాసుకున్నదానికి రెట్టింపు.
కాగితం మీద ఒబురా లెక్క కట్టాడు,
కట్టినకొద్దీ అక్షరాలు చిన్నవయ్యాయి.

"మంగళవారం కింద పడింది," అన్నాడు చివరికి.
"ఎవరూ చూడలేదు. తుడిచి పెట్టేశాను."

నేనేమీ అనలేదు. అలమర తీసి
ఎర్ర అట్ట పుస్తకం అతని ముందు పెట్టాను.
మొదటి పేజీ నా చేతిరాతే.
పద్నాలుగేళ్ళ కిందట, రాత్రి డ్యూటీ.
అలారం ఆ వారం మూడుసార్లు ఉత్తినే అరిచింది.
నాలుగోసారి లేచి గొంతు నొక్కాను,
వెళ్ళి పడుకున్నాను.
ఏడు వందల పన్నెండు సీసాలు.
పసిపిల్లల రక్తం. తల్లులు మోకాళ్ళ మధ్య పట్టుకుని
పాటలు పాడి, బుజ్జగించి ఇప్పించింది.
పొద్దున ఆ సీసాలు నా చేతికి వెచ్చగా తగిలాయి.
మళ్ళీ అడగలేం. ఆ పిల్లలు పెరిగిపోయారు,
ఆ జ్వరం, ఆ వానాకాలం వాళ్ళలో లేవు.
కింద నా పేరు. కొట్టివేత లేదు.

పొరపాటు, తడబాటు, ఏమరుపాటు:
అన్నీ ఒకింటి పిల్లలే, గుట్టుగా పెరుగుతారు.
వాళ్ళ ఇంట్లోనే సర్దుబాటు కూడా పుట్టింది,
పిలిస్తే గాని పలకదు.
దాన్ని అలవాటు చేసుకోవడానికే నాకు జీతం.

ఒబురా రాస్తుంటే కిటికీ వైపు తిరిగాను.
ఒకరి తప్పు రాసుకునేటప్పుడు
భుజం మీంచి తొంగి చూడకూడదు.
బయట డాగా చేపలు ఎండబోసినవి, వెండి పొట్టులా.

అప్పుడే కరెంటు పోయింది.
జెనరేటర్ అందుకోవడానికి తొమ్మిది క్షణాలు.
చీకట్లో ఇద్దరం పైకే లెక్కపెట్టాం, మా దొలువోలో,
అచియెల్, అరియో, అదెక్...
తొమ్మిది దాటింది.
పది.
పదకొండుకి దీపాలొచ్చాయి.

నేను నోరు తెరవకముందే
ఒబురా పెన్ను మూత తీసి
గడియారం వైపు చూస్తున్నాడు.