పదమూడు కట్టలు

పొద్దూకినంక మెట్‌పల్లిల బస్సెక్కితె
శంషాబాద్ చేరేసరికి నడిరాత్రి దాటింది.
ఆ ఐదు గంటలు లెక్కల రాయలే.
బస్సుల కూసున్నందుకు కూలెవడిస్తడు?

గేటుకాడ సంచి ఇప్పిచ్చిన్రు.
అండ్ల నా కత్తెర దొరికింది,
తునికాకు కత్తిరిచ్చేది.
అలవాటుకు ఏసుకున్న, యాది లేదు.
పోలీసు పిల్ల కొసకు వట్టుకొని డబ్బల ఏసింది.
డబ్బల నూనె సీసలు, ఎవలిదో మామిడి తొక్కు.
ఇరవై రెండేండ్ల కత్తెర. పిడికి చుట్టిన గుడ్డ పేలిక
చెమటకు నల్లగైంది.
"వాపస్ ఇస్తరా?" అంటె నవ్వింది.

కిటికీ సీటు నిర్మల్ దిక్కు పిలగానిది, పేరు ఆశన్నట.
మూడోసారి పోతున్నడు, అన్ని ఎరుకే.
ముందటి సీటు ఈపుకు చిన్న టీవీ,
నీలం మీద పేనంత ఇమానం పాకుతాంది.
"రెండువేల రెండొందల కిలోమీటర్లక్కా,
మూడుంపావు గంటలు" అన్నడు.
కిలోమీటర్లు నాకు కోరుట్ల దాకనే తెలుసు.
గంటకు నాలుగు కట్టలు,
కట్టకు ఇరవై ఐదు బీడీలు.
అంటె మస్కట్ పదమూడు కట్టల దూరం.

అనుకున్ననో లేదో ఒడిల వేళ్లు కదిలినయి.
ఆకు లేదు, జర్ద లేదు, దారం లేదు,
చుట్టుడు, మడుసుడు, ముడేసుడు.
ఆశన్న సూసి సూడనట్టు
తన దుప్పటి తీసి నా మోకాళ్ల మీదేసిండు.
దుప్పటి కింద చుట్టిన.

నాలుగో కట్టకు కింద దీపాలు ఒడిసినయి.
ఆరో కట్టకు ఇమానం గుంతల వడ్డ ఆటో లెక్క ఊగింది,
ఎనుక ఎవలో దేవున్ని గట్టిగ పిలిసిన్రు.
ఆ కట్టల మూడు బీడీలు ఒదులైనయి,
చెకర్ యాకూబ్ ఉంటె ఇరిశి పారేసెటోడే.
పన్నెండో కట్టకు చెవులు మూసుకపోయినయి.
పదమూడోది కడుతుంటె చక్రాలు నేలను గుద్దినయి.

"టైం మార్చుకో అక్కా, గంటన్నర ఎనుకకు."
"ఎందుకు?"
"ఈడ ఇంకా గంత కాలే."
గంటన్నర అంటె ఆరు కట్టలు.
ఆరు కట్టలు ఉత్తగ ఎవలిస్తరు?
తూకంల ఆకు తక్కువ,
కట్టకు రెండు ఛాట్ కింద కోత,
ఒక్క బీడీ ఎక్కువ రాసిన చెకర్‌ను నేనైతె సూడలే.
"వాపస్ పోయేటప్పుడు మల్ల గుంజుకుంటరా?"
"గుంజుకుంటరు" అన్నడు, నవ్వకుంట.
అప్పుడు మనసు నిమ్మలమైంది.
తెలిసిన లెక్కనే.

అద్దం ఎనుకాయన వేలు పెట్టుమన్నడు.
పెట్టిన. మిషన్ ఒప్పుకోలే.
తుడిశి పెట్టిన. తడిచేసి పెట్టిన.
గీతలు కనవడ్తలేవట.
యాడికి పోతయి,
రోజుకు వెయ్యి బీడీలకు ఇంతింత అంటుకొని పోయినయి,
ఎవలో కాల్సి ఊదేసిన్రు.
ఎనుక లైను సణుగుతాంది.
గీత దాటి అవుతల సంచి దించి
ఆశన్న నిలవడ్డడు నా కోసం.
ఆయన చేతి గడియారంల
ఇంకా మనూరి టైమే.