పదిహేను సెకన్లు

ఎనుమాముల యార్డుల రాత్రి రెండు దాటింది.
సర్వర్ గదిలో నేనూ, నీలం రంగు కన్సోల్ వైరూ,
ఆగని తుమ్ములూ.
స్విచ్చి ఫ్యానుకు పట్టిన మిర్చి దుమ్మును
పాత పెయింటు బ్రష్షుతో దులిపితే
ఎర్రగా లేచి కండ్లల్ల కూసున్నది.
ఈ సీజన్ల
యంత్రం కూడ ముక్కు చీదాలె, చేతగాదు దానికి.

పొద్దున ఇట్ల జరిగింది:
బస్తా కాంటా ఎక్కుతది, తూకం పడుతది,
ధర మాత్రం తెర మీదికి రాదు.
గోవిందరావుపేట నుంచి
ముప్పై నాలుగు బస్తాల తేజా రకం తెచ్చిన బానోతు కీర్యా
తెరను చూసిండు, నన్ను చూసిండు.
"మిషిన్ ఏమన్న మొక్కు అడుగుతున్నదా బిడ్డా?"
నవ్విన.
చెప్పెటందుకు ఏం లేకుండె.

ఇప్పుడున్నది. తెర నిండ, కింది దాక:
సగం తెరిచి వదిలేసిన కనెక్షన్లు
రెండు వందల పదకొండు.
పిలిచి, పలుకు కోసం ఆగిన పిలుపులు.
ఒక్కొక్కటి ఒక్కో కుర్చీ ఆపుకొని కూసుంటే
నిజంగ వచ్చినోడు గుమ్మం బయటే.

చాయ తెచ్చిన ఓదేలు, రాత్రి కాపలా,
"టీసీపీ అంటె ఏంది మేడం?" అన్నడు.
"ఇవతలోడు 'ఉన్నవా' అంటడు,
అవతలోడు 'ఉన్న, నువ్వున్నవా' అంటడు,
'ఉన్న' అని మళ్ల ఇవతలోడు.
మూడు మాటలైనంకనే అసలు ముచ్చట."
ఓదేలు గ్లాసు కింద పెట్టిండు.
"గిది తువాల కింద బేరమే గద!
మా నాయిన ఎడ్ల అంగట్ల దళారి.
వీడు వేలు పడుతడు, వాడు వేలు పడుతడు,
మళ్లొకసారి ఒత్తితే ఖాయం.
ఆఖరి ఒత్తుకు చెయ్యి గుంజుకునేటోడు ఒకడుంటడు సూడు..."
"వానికోసం మీ నాయిన ఎంతసేపు ఆగేటోడు?"
"అది ఎద్దును బట్టి" అన్నడు,
గేటు దగ్గర కుక్క మొరిగితే లేచిపోయిండు.

ఎద్దును బట్టి.
ఇక్కడ ఎవరో ఎన్నడో పెట్టిపోయిన లెక్క: ముప్పై సెకన్లు.
ఎవ్వరూ ముట్టుకోలేదు.
పది చేసిన. వేళ్లకు హాయిగ ఉన్నది
తక్కువ చేయడం.
వరుసలు రాలిపోవుడు మొదలైంది, ఎండిన తొడిమెల లెక్క.
నూట నలభై. తొంభై. ముప్పై ఒకటి.
ఆ రాలినవాటిల నర్సంపేట ఉన్నది.

నర్సంపేట ఉపకేంద్రం పెట్టె
గాలి మీది లింకు, చెరుకు తోట అడ్డం,
పలుకుతది, కాని పన్నెండో సెకనుకు పలుకుతది.
పదికే నేను తలుపేస్తే
అది చచ్చిందని రాసుకుంటది ఈ స్విచ్చి,
రేపు అక్కడి రైతు తెర ముందర
కీర్యా లెక్కనే నిలబడుతడు.
పన్నెండు పెట్టాల్నా? వానొస్తే?
పదిహేను.
మెల్లగ పలికేటోని కోసం
మూడు సెకన్లు మిగులు పెట్టిన.
పుస్తకంల ఈ అంకె లేదు.

ఎంటర్ కొట్టి ఒళ్లు విరుచుకున్ననో లేదో
కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి, ఆగి, దగ్గి, అందుకున్నది.
స్విచ్చి పచ్చ దీపాలతోని లేచింది,
మళ్ల ముప్పై.
దాచిపెట్టమని చెప్పలేదు నేను.
పదకొండేండ్ల సర్వీసు, ఓదేలు చూడనందుకు
ఏ దేవునికి మొక్కాల్నో!

మళ్ల పదిహేను. ఈసారి ముందు సేవ్.
నర్సంపేట "ఉన్న" అన్నది.
గడియారం చూసిన: పన్నెండున్నర సెకన్లు పట్టింది.

కన్సోల్ నుంచి బయటికొచ్చేటప్పుడు కూడ
రెండు దిక్కులా సెలవు చెప్పుకోవాలె, అప్పుడే తెగుతది.
మా దిక్కు "పోతున్న" అనరు ఎవ్వరూ, "పోయొస్త" అంటరు.
వైరు చుట్టుకుంట ఆ పెట్టెకు అదే చెప్పిన.

బయట లారీలు అప్పుడే వరుస కడుతున్నయి.
మూడో లారీ కింద కంబలి కప్పుకొని
ఎవరో తుమ్మిండ్రు.
నేను కూడ.