ఎనిమిదో వరస

కొలతల యంత్రం భుజాన వేసుకుని
కొండ ఎక్కేసరికి పదిన్నర.
వెనేరా అప్పటికే గట్టు మీద కూర్చుని
రొట్టె లేకుండా ఉల్లిపాయ కొరుకుతోంది.
"గీత ఎక్కడో చూపించి పో నాయనా,
పళ్లు నీ కోసం ఆగవు."

కాళ్ల కింద నేల కరకరలాడింది.
దాన్ని మట్టి అనడానికి మనసొప్పదు.
కొండ కక్కితే చల్లారిన నల్లటి నూక,
గుప్పిట పడితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.
వేరుపురుగు ఈ నూకలో బతకలేకే
వాళ్ల తాత నాటిన తీగలు
ఇంకా సొంత వేళ్ల మీదే నిలబడ్డాయి.
నీళ్లు నిలవవు. వేరు దిగాల్సిందే,
ఏ పాత పొంగు అడుగునో చెమ్మ దొరికేదాకా.

"ఆ చెస్ట్‌నట్ చెట్లకవతల తోట చూశావా?
అదీ నెరెల్లోనే. మా తాత ఇచ్చిన కొమ్మలే.
అక్కడి పొంగు మా పొంగు కన్నా చిన్నది,
ఇంకా రాయి రాయిగానే ఉంది.
వాళ్ల వైను నోట్లో పిడికిలి బిగిస్తుంది.
మాది విప్పుతుంది."

యంత్రం కూసింది,
ఏడో వరసకీ ఎనిమిదో వరసకీ మధ్య.
సున్నం చల్లాను.
కింద ఏడు వరసలూ ఎట్నా.
పైన నాలుగూ ఏమీ కాదు.
ఏమీ కాదని కాదు,
సిసిలీ నేలల ఎర్ర వైను అని రాసుకోవచ్చు,
మనిషిని పేరు మానేసి జిల్లా పేరుతో పిలిచినట్టు.
కొండ పేరు మాత్రం సీసా మీద ఎక్కడా,
చిన్నక్షరాల్లో కూడా, కూడదు.

ఆమె తలెత్తింది. పైన పొగ తీరిగ్గా పోతోంది.
"కొండ కాళ్ల దగ్గరున్నవాళ్లకి పేరుందీ,
నోటికి దగ్గరున్నవాళ్లకి లేదూ!"

నాకు నేర్పిందే నేను చెప్పాను.
అరవై ఎనిమిదిలో నియమాలు రాసినప్పుడు
ఇంత ఎత్తున కాయ పండదన్నారు,
కోతకన్నా ముందే మంచు కోసేస్తుందన్నారు,
పుల్లనీళ్లు ఎట్నా పేరుతో అమ్ముడైతే
కిందివాళ్ల పరువు పోతుందన్నారు.
అబద్ధమేం కాదు. అప్పటి చలి అప్పటిది.

"అన్నదెవరు?"

సంచిలో నకలుంది. విప్పాను.
సాక్షుల జాబితాలో మూడో పేరు, వంకర సంతకం:
చిరీనో బదలా.
ఆమె కాగితం చదవలేదు, సంతకాన్నే చూసింది.
ఉల్లిపాయ పక్కన పెట్టింది.
"మా నాన్న.
ఆ పై నాలుగు వరసలూ అప్పుడు బాబాయివి.
నీళ్లతొట్టి దగ్గర గొడవ. పదకొండేళ్లు మాటల్లేవు.
పిల్లల్లేకుండా పోతే మళ్లీ మాకే వచ్చాయి."

గట్టు తగాదాలు చాలా చూశాను గానీ
చట్టంలోకెక్కిన గట్టు ఇదే మొదలు.
చలి ఎంత, పగ ఎంత?
కాగితం మీద రెండూ ఒకే సిరాలో ఉన్నాయి.

కొట్లోకి తీసుకెళ్లింది.
నల్లరాతి తొక్కుడు తొట్టి, కాళ్లతో తొక్కడం
నియమాలు మాన్పించి చాలా కాలమైంది,
ఇప్పుడు అందులో ఒక సైకిలూ, ఉల్లిగడ్డలూ.
రెండు గ్లాసులు పోసింది. ఏది ఏదో చెప్పలేదు.
పలచటి ఎరుపు, అవతల ఆమె వేలి ముడతలు కనిపించేంత.
మొదటిది నేరుగా వచ్చి కూర్చుంది.
రెండోది వాకిట్లోనే నిలబడింది చాలాసేపు,
తర్వాత దానిమ్మగింజ, కాలిన రాయి,
ఎక్కడిదో ఉప్పు.

"ఏది బావుంది?"
డ్యూటీలో ఉన్నానన్నాను.
"అందుకే అడిగాను."

ఆ రాత్రి నివేదికలో అంకెలు మాత్రమే రాశాను.

రెండేళ్లకి ఆమోదం కోసం ఒక లేబులు వచ్చింది.
కొండ పేరు లేదు, ఊరి పేరు లేదు, తప్పు పట్టడానికేమీ లేదు.
పెద్దక్షరాల్లో బాబాయి పేరు, నూన్సియో.
కింద సన్నగా 8, 9, 10, 11.
ముద్ర వేసేముందు, ఎవరూ చూడకుండా,
దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
కాగితం వాసనే వచ్చింది.