పై అంచు

మొదటి చార్టుకి నాకు రెండు రోజులు పట్టింది.
గీత మందం రెండుంపావు.
రంగు, కిరోసిన్ పొయ్యి వత్తి
ఆరబోయే ముందు చూపించే నారింజ.
అడుగున నెలల పేర్లు, మా సెసోతోలో,
ఒకదాన్నొకటి తొక్కుకోకుండా కాస్త వాల్చి.
ఎడమ పక్క అంకెల నిచ్చెన
సున్నా నుంచి ముప్పై.
ముప్పై ఎందుకంటే,
మొదటి క్లినిక్‌లో ఏ నెలా ఇరవై ఆరు దాటలేదు.
పైన ఊపిరాడేంత ఖాళీ ఉంచాలని
మసేరు నుంచి శిక్షణ ఇవ్వడానికొచ్చినాయన చెప్పాడు.

ఆ తర్వాతది పని కాదు, ఆట.
తయారైన చార్టు మీద నొక్కు, కాపీ.
పక్క షీటుకి పో.
అక్కడ బోసిగా నిలబడ్డ చార్టు మీద నొక్కు.
పేస్ట్ స్పెషల్. ఫార్మాట్లు మాత్రమే.
అంకెలు ఎవరివి వాళ్లవే,
బట్టలు మాత్రం నేను కుట్టినవి.
కేటిల్‌లో నీళ్లు కాగేలోగా
మిగతా పన్నెండు క్లినిక్కులూ
ఒకే యూనిఫారం తొడుక్కుని వరసలో నిలబడ్డాయి.

అన్నీ ప్రింటు తీసి గోడకి అంటించి
నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.
మాడమ్ లెబోనా కళ్లజోడు పైకి నెట్టి
"చూడముచ్చటగా ఉంది లినెయో" అంది.
ఆవిడ నోట ఆ మాట,
జూన్ మంచులో పీచ్ పూత.

శుక్రవారం థకానే దిగింది.
కొండ చివరి క్లినిక్ నర్సు.
సగం దారి గుర్రం మీద, సగం ఉన్ని లారీలో.
దుప్పటి పిన్నీసు తీయకుండానే
గోడ ముందు నిలబడింది.
తన చార్టు పదమూడోది.
మే దాకా నేల మీద నడిచిన గీత
జూన్‌లో లేచి, పెట్టె పై అంచుని తాకి,
అక్కడితో మాయమై
ఆగస్టులో మళ్లీ దిగింది,
చూరులో దూరి అటు పక్క తేలిన పిల్లిలా.

"మా జూలై ఏది?" అంది.

అక్కడే ఉంటుంది, చూడు, అన్నాను.
చూశాను. లేదు.
గడిలోకి వెళ్లి వెతికాను. ఉంది.
నలభై ఏడు.
డొక్కలెగరేసే పసివాళ్లు నలభై ఏడుగురు.
రిజిస్టర్లో రాసింది థకానే,
ఏడు నడుమ అడ్డగీత పెట్టి.
షీటులోకి ఎక్కించింది నేను.
ఇద్దరం తప్పు చేయలేదు, కంప్యూటరూ చేయలేదు.
బట్టలతో పాటు
ఇంటి కప్పు ఎత్తు కూడా కాపీ అవుతుందని
ఎవరూ చెప్పలేదు, అంతే.

గరిష్ఠం అన్న చోట ముప్పై చెరిపి
దాని ఇష్టానికి వదిలేశాను.
గీత కూర్చున్న చోటు నుంచి లేచి
నిటారుగా నిలబడింది.
థకానే తెర మీద వేలు పెట్టి
నెమ్మదిగా ఎక్కింది, గుర్రాన్ని నడిపించినట్టు.
శిఖరం దగ్గర ఆగి రెండు పేర్లు చెప్పింది.
నా షీటులో పేర్లకి వరుస లేదు.

అన్నిటికీ ఇష్టం వచ్చినంత కప్పు ఇద్దామంటే
అదీ కుదరలేదు.
లోయ క్లినిక్‌లో నాలుగు జ్వరాలు కూడా
ఛాతీ విరుచుకుని నలభై ఏడంత పొడుగైపోయాయి.
అందుకని మళ్లీ మొదటి చార్టుకే వచ్చాను.
యాభై అని కొట్టాను.
కాపీ. పక్క షీటు. పేస్టు.
పన్నెండు సార్లు.
ఈసారి కేటిల్ పెట్టడం మర్చిపోయాను.

సోమవారం మాడమ్ లెబోనా చూసి పెదవి విరిచింది.
"ఇదివరకే నయం.
ఇప్పుడు సగం కాగితాల్లో పై సగమంతా ఖాళీ."
అవును మాడమ్, అన్నాను. ఖాళీయే.
పదమూడోదానివైపు ఆవిడ చూసేదాకా
ఇంకేం అనలేదు.

పాత ప్రింట్లు పదమూడూ
శుక్రవారమే థకానే మడిచి దుప్పట్లో దోపుకుంది.
పడేయకు, వెనక తెల్లగానే ఉందిగా, అంది.
పైన రిజిస్టర్ నిండిపోయి
మూడు వారాలవుతోందట.