శుక్రవారం గోడ

శుక్రవారం మ్యూజియం బంద్.
మూసీ దిక్కు గేటు నుంచి మమ్ముల లోపలికి ఇడిచిండ్రు.
నేను, బుచ్చిలింగం, రెండు నిచ్చెనలు,
ఇరవై లీటర్ల డబ్బాలు నాలుగు.
మేస్త్రీ ఖాజా మియా ముందే చెప్పిండు:
"బొమ్మల మీద చుక్క పడితే
మీ ఇండ్లు అమ్మినా తీరదు."
మా ఇండ్లు కిరాయివి అని
బుచ్చిలింగం గొణిగిండు.

మూడో అర్రల అన్నీ దించి పక్కకు పెట్టిండ్రు.
ఒక్కటి మాత్రం దించలె.
ఫ్రేము బరువట, గోడకే బోల్టులు బిగించిండ్రట.
ప్లాస్టిక్ కట్టి, చుట్టూ ఏసుకోమన్నడు.
కట్టేటందుకు నిచ్చెన ఎక్కిన.
బొమ్మ మొఖం, నా మొఖం,
నడుమ జానెడు.

మూడు వందల యాభై ఏండ్ల కిందటిదట.
ఏసినాయన పేరు ఇత్తడి పలక మీదున్నది.
కాపలా ఉండే దస్తగిరి రెండుసార్లు చదివిండు,
రెండుసార్లు రెండు తీర్ల పలికిండు.

ఒక ఆడమనిషి. కిటికీ పక్కన కూసోని
ఉల్లిగడ్డ పొట్టు తీస్తున్నది.
అందరూ ఆమె కండ్లే చూస్తరట.
ఏడుస్తున్నదా, ఉల్లిగడ్డ ఘాటా అని
చదువుకున్నోళ్లు గంటలు గంటలు కొట్లాడుతరట.
నేను ఆమె వెనక గోడ చూసిన.

సున్నం గోడ.
తెల్లగ లేదు.
ముప్పై రెండేండ్ల సంది గోడలతోటి బతుకుతున్న,
తెల్లగోడ తెల్లగ ఉండదని నాకెరుకే,
కానీ ఎవలతోని అనలె ఇప్పటిదాంక.
కిటికీ కాడ దానిల నీలం కలిపిండు.
ఆమె భుజం కాడ ఉల్లిపొట్టు రంగు
కొంచెం ఎగిరొచ్చి గోడకంటింది.
కింద, నేలకు జానెడు మీద, చెమ్మ.
పోయినేటి వాన ఎండిపోయి
రాబోయే వానకు తొవ్వ చూపించే మరక.
బోరబండల మా ఇంట్ల గట్లనే ఉంటది,
పొయ్యి పక్కన.

ఇంకింత మీద, మొల ఊడిన సందు.
మొల లేదు. సందున్నది.
సందు పక్కన ఆవగింజంత నీడ.
నాయనా, ఎవలడిగిండ్రు నిన్ను ఆ నీడ?
పైసలిచ్చినోడు అడిగిండా?
గోడ ఎవడు చూస్తడని
ఒక్క కోటు కొట్టి దిగిపోవచ్చు గదా.
నేనైతే దిగిపోతుంటి.
దిగిపోయిన కూడ. శానాసార్లు.

కుచ్చె ఎంటిక ఒకటి రంగుల చిక్కుకొని ఉన్నది.
తీసెయ్యలె ఆయన. చూసిండో లేదో.
నాకు నవ్వొచ్చింది.
నా పని మీద గూడ గదే గులుగుతడు ఖాజా మియా:
"బాల్ దిఖ్‌రా, ఆంఖా నై క్యా?"

"మీదనే నిద్రపోయినవా?"
కింద నుంచి బుచ్చిలింగం.
ప్లాస్టిక్ కట్టిన.
ఆమె పొగల కూసున్నట్టయింది.

తర్వాత నా గోడ.
షేడు నంబరు కాయితం మీద రాసిచ్చిండ్రు,
మార్చేటందుకు లేదు.
కానీ ఆ పొద్దు లప్పం ఒకటికి రెండుసార్లు పెట్టిన.
గరుకు కాయితంతోటి రుద్ది, అరిచేత్తో తడిమి,
బల్బు పక్క నుంచి పట్టి చూసి
మళ్ల రుద్దిన.
ఫ్రేము అంచు పొంటి రోలరు ముట్టలె,
రెండించుల కుచ్చెతోటే.
పగటీలి టిఫిన్ డబ్బా ఇప్పితే
చేతులకు లప్పం వాసన, డబ్బల ఉల్లిగడ్డ కారం.
"ఏమైంది నీకియ్యాల?" అన్నడు బుచ్చిలింగం.
"ఏం లే" అన్న.

పదిహేను రోజులకు, ఆదివారం,
చంద్రకళను తోలుకపోయిన.
టికెట్లు కొని, మెయిన్ గేటు నుంచి.
సంచి కౌంటర్ల పెట్టుమంటే భయపడ్డది,
అండ్ల ఇంటి తాళంచెయ్యి ఉన్నదని.
మూడో అర్రల మంది. ఫోన్లు పైకెత్తి
ఆ కండ్లనే పట్టుకుంటున్నరు.
చంద్రకళ నా చెవుల అడిగింది:
"ఇందుల నువ్వేసింది ఏది?"
గదుమ ఎత్తి చూపిన.
ఆమె మందిని దాటి, తాడు పక్కకు జరిగి,
రొట్టె కాలిందా అని చూసినట్టు
అరిచెయ్యి గోడ మీద పెట్టింది.

"హాత్ నక్కో లగావ్ అమ్మా!"
దస్తగిరి ఉరికొచ్చిండు.
నన్ను చూసి ఆగిండు.
"గోడనే గదా" అన్నది చంద్రకళ,
చెయ్యి తియ్యకుంట.